తొడిమలు తీసిన చేతులు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో దైవపిలుపు ఉంది, కుట్ర ఉంది, ఎర్రటి కొండలున్నాయి, ఒక పసివాడి కళ్ళకొచ్చిన గండం ఉంది, మూడు పగళ్ళ నిరీక్షణ ఉంది. ఇదే మాట మా ఆయనతో అంటే, పాప బట్టలు పిండి తీగ మీద ఆరేస్తూ, "మీ ఊళ్ళో కొండలెక్కడివి?" అన్నాడు. నిజమే. కొండలు కావు, మిరపకాయల కుప్పలు. కుట్ర చేసింది పదేళ్ళ పిల్ల, అది నేనే. దైవపిలుపు ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి, మూడున్నరకల్లా ఆగిపోయింది. కాబట్టి మహాగాథ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఒక తగరపు డబ్బా సంగతి.

పోయిన నెల మా అమ్మ ఆ డబ్బా పట్టుకుని గుంటూరు వచ్చింది, ఐదు నెలల మనవరాలిని చూడ్డానికి. పేరుకు మనవరాలిని చూడ్డానికే గానీ, సంచిలోంచి ముందు బయటపడ్డవి రెండు కేజీల ఎండుమిరపకాయలు, ఒక చింతపండు ముద్ద, ఆ తర్వాత ఈ డబ్బా. ఒకప్పుడు బిస్కెట్ల డబ్బా. మూత మీద మేకుతో గీసిన సిలువ, గీసినవాళ్ళకి చెయ్యి వణికినట్టు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మా సంఘంలో ఇళ్ళన్నిట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటుండేది. అన్నానికి బియ్యం కొలిచే ముందు ఒక గుప్పెడు తీసి ఇందులో వెయ్యాలి. ఇంట్లోవాళ్ళకి కొలిచాక మిగిలినది కాదు, కొలవకముందు తీసినది. నెల మొదటి ఆదివారం ఆ బియ్యం చర్చిలో గోనెసంచిలో పోసేవాళ్ళం. అక్కణ్ణుంచి దిక్కులేని ముసలాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవి. డబ్బా నా చేతిలో పెడితే, "అమ్మా, నేను కప్పుతో కొలిచి కుక్కర్లో పడేస్తాను" అన్నాను. "కప్పుకి ముందు గుప్పెడు వెయ్యి. కుక్కరేం అలగదులే" అంది.

నేను అప్పటికే ఎవరో ఒకరి మీద విరుచుకుపడ్డానికి సిద్ధంగా ఉన్నాను. పాప పుట్టకముందు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. చర్చిలో యూత్ కూడికల్లో హాస్యనాటికలు వేసేదాన్ని. నేను స్టేజీ ఎక్కితే పెద్దలు ముందే నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఒకే ప్రశ్న: "ఏం చేస్తున్నావమ్మా?" ఇంట్లోనే ఉంటున్నానంటే, "ఓహో, ఊరికే ఉన్నావా." ఆ 'ఊరికే' పొద్దున ఐదింటికి మొదలవుతుంది. అందుకే ఆ రోజు వంటింట్లో అమ్మని నిలదీశాను. "అసలు దేవుడు నన్ను దేనికి పిలిచాడమ్మా? ఒకవేళ పిలుస్తున్నా, ఈ కుక్కర్ విజిల్లో నాకెక్కడ వినపడుతుంది?"

అమ్మ మిరపకాయలు చేటలో పోసుకుంటూ తలెత్తకుండా అంది. "నన్ను పిలిచిన గురువారం గుర్తుందా నీకు?"

గుర్తుండకపోవడమేమిటి. ఇరవై ఒక్క ఏళ్ళుగా నేను ఎవరితోనూ అనని సంగతి ఒకటి ఆ గురువారంలోనే ఉంది.

మా ఊరు మార్టూరుకి ఆటోలో ఇరవై నిమిషాలు. నాన్న అక్కడ గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయంత్రం నాన్న రాతిపొడితో తెల్లగా వచ్చేవాడు, అమ్మ మిరపకల్లం నుంచి ఎర్రగా వచ్చేది. ఇద్దరూ గుమ్మం దగ్గర ఎదురైతే, ఏదో జెండాకి రెండు రంగులు దొరికి మూడోది తక్కువైనట్టుండేది. కల్లమంటే మా ఇంటి పక్కనే. రైతులు కోసిన కాయ అక్కడ పోసి ఆరబెడితే, ఆడవాళ్ళు చుట్టూ కూచుని తొడిమలు తీసేవాళ్ళు. ఎండకాలం మొదట్లో ఆ ఘాటుకి ఊరంతా తుమ్మేది. చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా తుమ్ములే, ఆమెన్ కంటే ముందు, ఆమెన్ కంటే గట్టిగా.

ఆ పని నుంచి వచ్చాక అమ్మకి ఒక క్రమం ఉండేది. ముందు చేతులకి కొబ్బరినూనె రుద్దుకునేది. తర్వాత సబ్బు, ఆ తర్వాత మజ్జిగ. అన్నీ అయ్యాక, చూపుడువేలు నాలిక కొసకి తాకించుకుని, ఏదో వినబోతున్నట్టు కాసేపు నిలబడేది. మండితే మళ్ళీ నూనె దగ్గర్నుంచి మొదలు. మండకపోతేనే మా తమ్ముడు తిమోతిని ఎత్తుకునేది. వాడప్పటికి ఏడాదిన్నరవాడు. పేరు తిమోతి అయినా ఊరంతా తిమ్ము అనే పిలిచేది. దొడ్డి గుమ్మం దగ్గర వాడు రెండు చేతులూ చాచి ఏడుస్తుంటే, అమ్మ రెండడుగుల దూరంలో నాలిక మీద వేలు పెట్టుకుని నిలబడటం నాకు బాగా గుర్తు. అప్పట్లో అది నాకు రాతిగుండెలా అనిపించేది.

మా ఇంట్లో ఇంకో మనిషి నాయనమ్మ, కోటమ్మ. ఆవిడ యాభై దాటాక బాప్తిస్మం తీసుకుంది కాబట్టి ప్రభువుని కొత్తల్లుడిలా మర్యాదగా చూసేది. దిష్టి తియ్యడం మాత్రం మానలేదు. అది తప్పని పాస్టరమ్మగారు ఎన్నిసార్లు చెప్పినా, "ఆయనకి చెప్పే చేస్తన్నాలే" అనేది.

పిలుపు ఇలా వచ్చింది. ప్రతి గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక. అమ్మ ఏడో తరగతే చదివింది గానీ, బైబిలు వాక్యం చదివితే కల్లంలో తుమ్ములు కూడా ఆగేవి. అది విని పాస్టరమ్మగారు, టౌన్లో ఆరునెలల శిక్షణ ఉందనీ, అక్కడే హాస్టల్లో ఉండి నేర్చుకుంటే తర్వాత ఊరూరా తిరిగి పరిచర్య చెయ్యవచ్చనీ చెప్పింది. శిక్షణకి మనుషుల్ని ఎంచడానికి టౌన్ నుంచి ఇద్దరు పెద్దమ్మగార్లు వస్తారు, వాళ్ళ ముందు సాక్ష్యం, అంటే దేవుడు తన బతుకులో ఏం చేశాడో, చెప్పాలి. అమ్మ మూడు వారాలు ఆ సాక్ష్యాన్ని అంట్లతో చెప్పింది, బావితో చెప్పింది, పొయ్యితో చెప్పింది. నాన్నని అడిగితే, "దేవుడు పిలిస్తే ఆపడానికి నేనెవర్ని? కాకపోతే ఈ ఆరునెలలూ మాకు కూర ఆయనే పంపుతాడేమో ఓ మాట కనుక్కో" అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే అమ్మ నిజంగానే వెళ్ళిపోతోందని నాకు ఒక గుర్తు దొరికింది. ఆవిడ వేపాకు నూరుతోంది. తిమ్ము చేత పాలు మాన్పించడానికి రొమ్ముకి వేపాకు ముద్ద రాసుకుంటోంది. వాడు ఆశగా వచ్చి, నోరు పెట్టి, చేదుకి మొహం వికారంగా పెట్టి, నమ్మలేనట్టు అమ్మ వైపు చూసేవాడు. అమ్మ మొహం పక్కకి తిప్పుకునేది. నాకు ఆరునెలలంటే ఎంతో తెలియదు. దసరా సెలవుల నుంచి వేసవి సెలవుల దాకా అని నాన్న చెప్పాడు. నాయనమ్మ జడ వేస్తే కళ్ళు చెవుల దాకా సాగుతాయి. అన్ని రోజులు అలా చైనా పిల్లలా బడికెళ్ళడం నా వల్ల కాదనుకున్నాను. అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది, దాన్ని జడ మీదకి నెట్టేశానంతే.

ఆ గురువారం అమ్మ నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. వెళ్తూ వెళ్తూ, "తిమ్ముగాణ్ణి చూస్తా ఉండు. లేస్తే నాయనమ్మని పిలువు. చెయ్యి కడుక్కుని నాలిక మీద చూసుకున్నాకే వాణ్ణి ముట్టుకో, తెలిసిందా?" అంది. చర్చి కల్లం అవతలే, మధ్యలో మూడిళ్ళు. ఆ రోజు బడికి సెలవు, నేనూ నాయనమ్మా వసారాలో కూచుని తొడిమలు తీస్తున్నాం. తిమ్ము చీర ఊయలలో నిద్రపోతున్నాడు. నాయనమ్మ తాగునీళ్ళకని బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. పంపు దగ్గర మాటలు అయ్యేసరికి నీళ్ళు కాస్త ఆలస్యమవుతాయి.

తిమ్ము లేచాడు. ఏడుపు మొదలెట్టాడు.

నేను లేవలేదు. వాడు గట్టిగా ఏడిస్తే చర్చిలో అమ్మకి వినపడుతుంది, వినపడితే వస్తుంది, వస్తే ఆ సాక్ష్యం సగంలో ఆగుతుంది, ఆగితే ఆరునెలలు ఉండవు. ఇదంతా నేను ఒక్కో తొడిమా తీస్తూ, తీరిగ్గా ఆలోచించాను. ఇదే నా కుట్ర. వాడి గొంతు పెరిగింది. చర్చి వైపు చూశాను. ఎవరూ రాలేదు. వాడు ఊపిరి బిగబట్టాడు, మొహం కందిపోయింది, గొంతు రావడం మానేసింది. అప్పుడు నాకు భయం వేసింది. పరుగెత్తుకెళ్ళి వాణ్ణి ఎత్తుకుని, అమ్మ ఎప్పుడూ చేసినట్టే, రెండు అరచేతులతో వాడి కళ్ళు తుడిచాను.

ఒక్క క్షణం వాడు ఊరుకున్నాడు. మర్చిపోయింది నేను. పొద్దుట్నుంచి రెండు చేటల తొడిమలు తీసిన చేతులవి.

ఆ తర్వాత వాడు పెట్టిన కేక ఎలాంటిదో ఇప్పుడు రాయలేను. పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటుంటే నేను వాడి చేతులు పట్టుకున్నాను, దాంతో వాడి చేతులకి కూడా కారం అంటింది. అమ్మ చెప్పుల్లేకుండా వచ్చింది. ఎవరు, ఎలా అని అడగలేదు. నా అరచేతులు చూసింది, అంతే. కుండలో నీళ్ళన్నీ వాడి మొహం మీద గుమ్మరించింది. తర్వాత వాడి కళ్ళల్లో పాలు పిండటానికి ఒళ్ళో వేసుకుని, పైటతో వేపాకు ముద్దని గబగబా తుడిచేసుకుంది. మూడు వారాలు పట్టుదలగా రాసిన చేదు ఒక్క తుడుపుతో పోయింది. అప్పుడే నాయనమ్మ వచ్చింది. ఒక్క చూపు చూసి, కుప్పలోంచి నాలుగు మిరపకాయలు తీసి వాడి తల చుట్టూ తిప్పడం మొదలెట్టింది.

"అత్తా! ఆ కాయలే వాడి కళ్ళు కాల్చినయ్యి!" అని అరిచింది అమ్మ.

"అందుకనే దీన్తోనే తియ్యాల. నువ్వు నీ పని చూసుకోమ్మే" అంది నాయనమ్మ.

అప్పటికి గుమ్మం దగ్గర పాస్టరమ్మగారూ, టౌన్ నుంచి వచ్చిన పెద్దమ్మగార్లిద్దరూ నిలబడి ఉన్నారు, గంజి పెట్టిన చీరల్లో, చేతిసంచులతో. వాళ్ళలో ఒకావిడ మెల్లగా అంది. "దేవుడు నీకు పని ఇక్కడే చూపించాడమ్మా, రాహేలూ."

అమ్మ తలెత్తలేదు. "పని నాకు రోజూ కనపడతానే ఉందండీ. మీరు కాస్త ఆ బిందెలో నీళ్ళు ఇట్టా పొయ్యండి."

గంజి చీర తడిసేలా ఆ పెద్దమ్మగారే బిందె ఎత్తి పోసింది. ఆవిడ మీద నాకిప్పటికీ గౌరవం.

టౌన్లో కంటిడాక్టరు టార్చిలైటు వేసి చూసి, "పాలు పోసిందెవరు?" అన్నాడు. అమ్మ చెప్పింది. "ఇంకెప్పుడూ పొయ్యొద్దు. నీళ్ళు చాలు" అన్నాడు. అంత గొప్ప ఘట్టం అలా ముగిసింది. నులుముకోవడంతో రెండు కళ్ళ మీదా గీతలు పడ్డాయనీ, కాచి చల్లార్చిన నీళ్ళతో రెండు గంటలకోసారి తుడిచి చుక్కలు వెయ్యాలనీ, చూపు సంగతి కళ్ళు తెరిచాక గానీ చెప్పలేననీ అన్నాడు.

మూడు రోజులు వాడు కళ్ళు తెరవలేదు. చేతులకి నా స్కూలు సాక్సులు తొడిగారు, నులుముకోకుండా. అమ్మ పనికి వెళ్ళలేదు. నీళ్ళు కాచడం, చల్లార్చడం, మెత్తటి గుడ్డ ముంచడం, ముక్కు పక్కనుంచి బయటికి ఒక్కసారే తుడవడం, ఆ గుడ్డ పక్కన పడెయ్యడం, ఇంకో గుడ్డ. వాడు చేతులతో వెతుక్కుని పాలు తాగేవాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బావుండేది. నాన్న కూడా, రాతిపొడి దులుపుకుని, నా తల మీద చెయ్యి పెట్టి లోపలికెళ్ళేవాడు. నేను దొడ్లో కూచుని దేవుడితో బేరం పెట్టాను. తిమ్ముకి కళ్ళు ఇచ్చెయ్యి, అమ్మని తీసేసుకో. ఆరునెలలు కాదు, పదో తరగతి దాకా తీసుకో. నాయనమ్మ జడకి ఒప్పుకుంటున్నాను.

మూడో రోజు పొద్దున్నే, తొమ్మిది గంటల ఎండలో, అమ్మ గుడ్డ తీసేసరికి ఎడమ కన్ను సన్నగా విచ్చుకుంది. ఆ కన్ను అటూ ఇటూ వెతికింది. అమ్మని దాటేసింది, నన్ను దాటేసింది. గోడ మీద కోడిపెట్టని చూసి, "కో" అంది వాడి నోరు. మా ఇంట్లో జరిగిన ఏకైక అద్భుతానికి సాక్షి కోడి. ఇప్పుడు తిమ్ము అదే మార్టూరులో పాలిష్ చేసిన పలకల మీద వెంట్రుకంత పగుళ్ళు కనిపెట్టే పని చేస్తున్నాడు. వాడి కంటిని దాటి ఒక్క పలక కూడా లారీ ఎక్కదట.

కళ్ళు వచ్చాయి కాబట్టి బేరం ప్రకారం అమ్మ వెళ్ళాలి. నేను రోజూ ఎదురుచూశాను. వెళ్ళలేదు. రానని పాస్టరమ్మగారితో కబురు చేసింది. "నా వల్లేనా?" అని ఒకసారి అడగబోయాను. "మబ్బు పట్టింది, కాయ తడుస్తుంది, పట్టా తీసుకురా" అంది. అంతటితో ఆ మాట ఇరవై ఒక్క ఏళ్ళు పట్టా కిందే ఉండిపోయింది. నేను నలుగుర్నీ నవ్వించడం మొదలెట్టింది ఆ తర్వాతే. దేవుడి పనికి వెళ్ళాల్సిన మనిషిని ఇంట్లో కట్టేసినదాన్ని నేను అన్న సంగతి నవ్వుతుంటే కాస్త దూరం జరుగుతుంది.

ఇప్పుడు గుంటూరు వంటింట్లో, అమ్మ ఎదురుగా కూచుని, నేనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుని తొడిమలు తీస్తూ చెప్పేశాను. "నేను కావాలనే ఏడవనిచ్చానమ్మా. నీకు వినపడాలని."

అమ్మ చెయ్యి ఆగలేదు. "వినపడింది" అంది.

"ఏంటి?"

"మొదట్లోనే వినపడింది. నా బిడ్డ ఏడుపు నాకు తెలీదా? ఆ పెద్దమ్మగారు 'చెప్పమ్మా, ఇంకా చెప్పు' అంటంది. ఆ రోజు నా మాటలు నాకే శానా బాగున్నయ్యి కృపా. ఇంకో రెండు ముక్కలు చెప్పి పోదాంలే అనుకున్నా. అంతలో ఆ కేక." ఒక తొడిమ తుంచింది. "నువ్వొక్కదానివే మోస్తన్నావనుకున్నావా?"

నాకు ఒక జోకు రావలసిన చోటు అది. రాలేదు.

"ఆ మూడు రోజులూ నాకు ఒక్క ప్రార్థన రాలా" అంది అమ్మ. "నోరు తెరిస్తే సాక్ష్యమే వస్తంది, సిగ్గేసి మూసుకున్నా. ఊరికే వాడి కళ్ళు తుడిచా. గుడ్డ ముంచడం, తుడవడం. మూడోనాటికి ఎవరో పక్కన కూచుని చూస్తన్నట్టు అనిపించింది. కూడికలో చెప్పేటప్పుడు మనుషులు చూస్తన్నట్టే ఉండేది. ఇక్కడ అట్టా కాదు. ఆయనే. అప్పుడనుకున్నా, ఈయన ఇక్కడికే వస్తంటే నేను హాస్టల్‌కి ఎందుకు పోవాల అని."

"అంటే నీకు వెళ్ళాలని లేదా మళ్ళీ?"

"ఎందుకు లేదు? ఇప్పటికీ గురువారం మూడయితే ఉంటది. అది పోలా." చేట దులిపింది. "ఈయన పక్కన కూచోడం, ఇదీ పోలా."

సరిగ్గా అప్పుడు లోపల గదిలో పాప లేచింది. నేను లేచి రెండడుగులు వేసి ఆగాను. చేతులు చూసుకున్నాను. అమ్మ తన చేతులు చూసుకుంది. ఇద్దరివీ ఎర్రగా ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళు ఆలోచించుకున్న ఇద్దరాడాళ్ళం, ఒక్కరమైనా చేతులు శుభ్రంగా ఉంచుకోవాలన్న తెలివి లేకుండా కూచున్నాం. నూనె రుద్దాను. సబ్బు. మజ్జిగ. నాలిక కొస మీద వేలు. మండింది. పాప గొంతు పెరిగింది. మళ్ళీ నూనె. గది గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుని అమ్మ పాట ఎత్తుకుంది, పదాలు లేని ఊయల కూనిరాగం. పాప మొహం కందుతోంది. ఊపిరి బిగబడుతుందేమోనని నా భయం. "ఆగు. చూసుకో" అంటోంది అమ్మ పాట మధ్యలో. రెండోసారి నాలిక మీద వేలు పెట్టుకుని, ఏదో వినబోతున్నట్టు నిలబడ్డాను. చిన్నప్పుడు రాతిగుండె అనుకున్నది ఇదన్నమాట. ఎత్తుకోవాలని ఒళ్ళంతా ముందుకు లాగుతుంటే, మంట ఏదైనా మిగిలితే అది ముందు నా నాలిక మీదే తేలాలని ఆగడం. అంత నిశ్శబ్దంగా నేను చర్చిలో కూడా ఎప్పుడూ నిలబడలేదు. పక్కన ఎవరో ఉన్నారా అని తిరిగి చూడలేదు గానీ, ఉన్నట్టే అనిపించింది.

మండలేదు. ఎత్తుకున్నాను. పాప వెంటనే ఊరుకుని నా జుట్టు పట్టి లాగింది. అచ్చం నాయనమ్మ జడ.

అప్పుడు కుక్కర్లోకి బియ్యం కొలిచే ముందు, పాపని చంకలో పెట్టుకునే ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేశాను. వచ్చే ఆదివారం ఎవరైనా ఏం చేస్తున్నావమ్మా అంటే చెప్పడానికి నా దగ్గర ఒక సమాధానముంది. అది పెద్దది, వాళ్ళకి తీరిక ఉండకపోవచ్చు. ఇదంతా అమ్మతో చెప్పాలని, కళ్ళు తుడుచుకుని, గొంతు సర్దుకున్నాను. అమ్మ డబ్బాలోకి తొంగిచూసి, నాలుగు ఎండుమిరపకాయలు వేసి మూత పెట్టింది. బియ్యానికి పురుగు పట్టకుండా ఉంటుందట. తొడిమ ఉన్న కాయలే వెయ్యాలి, తీసినవి వేస్తే గింజలు రాలి బియ్యంలో కలుస్తాయి.